దొడ్డి ఖాళీ అయినంక

దయ్యం, గాలి, సోకుడు అని ఎవలన్న అంటే నాకు నవ్వొస్తుండె. మా బాపు చేను మసానం ఒడ్డుకే ఉండె. చిన్నప్పటి నుంచి అక్కడనే సద్ది తిన్న, అక్కడనే కలుపు తీసిన. పీనుగు కాలుతుంటే పొగ కండ్లల్లకు వస్తదని జర జరిగి కూసున్న గని, భయపడి లేచిపోయింది లేదు. ఇప్పటికి గూడ భూతవైద్యుని కాడికి పోతమంటే దవాఖానకు పొమ్మని చెప్త. నన్ను జడుపు మనిషి అనుకోవద్దని ఇది ముందుగాలనే చెప్తున్న.

నన్ను ఇచ్చింది శంషాబాద్ దగ్గరి ఊరికి, రావిర్యాల పోయే తొవ్వల. అప్పుడు నిజాం రాజ్యం. ఎక్కడనో పెద్ద యుద్ధం నడుస్తుండె. మా ఆయనకు ఒక్కతే అక్క, రాజమ్మ వదిన. మొగడు చచ్చిపోయిండు, పిల్లలు లేరు, పుట్టింటికి తిరిగొచ్చింది. అత్తగారింటి నుంచి ఆమె తెచ్చుకున్నది మొగడు దున్నిన ఎద్దు ఒక్కటే. దానికి రెండు కండ్లు పోయినయ్. కోతకు అమ్ముతమని వాళ్లంటే, మెడకు పలుపేసి నడిపించుకుంట వచ్చింది.

మా మామ తన బిడ్డకు బావి, దాని పక్కన కొంత చెల్క భూమి ఇచ్చిండు. వదిన అక్కడ కొట్టమేసి ఆ ఎద్దును కట్టేసింది. కొన్నొద్దులకు ఎవలో కాలిరిగిన ఆవును ఇడిసిపోయిండ్రు. ఇంకెవలో దున్నలేని ఎద్దును తెచ్చిండ్రు. ఇగ చుట్టుపక్కల ఊర్లకు తెలిసిపోయింది. అమ్మబుద్ధి గానోళ్లు, సాదనీకి గడ్డి లేనోళ్లు అందరు అక్కడికే తోలుకొచ్చిండ్రు. ముసలి గొడ్ల దొడ్డి అని పేరువడ్డది.

ఆ దొడ్డి ఊరికి ఎంత ఆసరైందో చెప్త. పెంట ఎవల చేనుకు కావాల్నంటే వాళ్లు బండ్లకెత్తుకపోయిండ్రు. దుక్కుల కాలంల ఎవలిదన్న ఎద్దు చస్తే, వదిన సాది లేవదీసిన ఎద్దును అడుక్కపోయిండ్రు. గొడ్డు కాలు చీము వట్టినా, నోట్ల పుండైనా ఆమె కాడికే. కుదురుకున్న ఆవులు ఈనితే పాలు అమ్మలే. తల్లికి పాలు పడని పిల్లలకు పోసింది. నా బిడ్డ సుత ఆ పాలతోనే బతికింది.

మా వాడకట్టుల మల్లయ్య అని ఉండె. ఆయన పెద్దకొడుకు పుట్టినప్పుడు తల్లికి పాలు రాలే. ఒంటికొమ్ము ఆవు పాలు తాగి వాడు బతికిండు. మల్లయ్య ఎక్కడ కనవడ్డా చేతులు జోడించి, "అక్కా, నా కొడుకు నీ దొడ్డి బిడ్డ" అనేటోడు. అనుడే గాదు, పొద్దుగాల వచ్చి గొడ్లకు గడ్డేసి పోయేటోడు.

ఒక ఎండకాలం పశువులకు పెద్దరోగం తగిలింది. నోట్ల పుండ్లు, పారుడు, రెండు మూడొద్దులల్ల చచ్చుడు. ముందుగాల చచ్చింది పటేలు కొట్టంల. అయినా పటేలు చావడి కాడ అందర్ని కూడేసి, రోగం దొడ్డిలకెళ్లే వచ్చిందన్నడు. ఆ బావి మీద ఆయనకు ఎన్నేండ్ల సందో కన్ను. మిగిలిన బావులు ఎండినయ్, వదిన బావిల ఊట ఉండె.

వదిన నడుమ నిలవడి, "నా దొడ్డిల ఒక్కటన్న చచ్చిందా? లేసి రాండ్రి, చూపిస్త" అన్నది.

ఎవ్వలు లెవ్వలే. ఆమె పెంటతోటి పండించుకున్నోళ్లు, ఆమె ఎద్దుతోటి దున్నుకున్నోళ్లు అందరు నేల చూసుకుంట కూసున్నరు.

తెల్లారి పటేలు పిలిపిచ్చిన గుత్తేదారు మనుషులు వచ్చిండ్రు. ఆయన పట్నంల పౌజులకు కోత గొడ్లను పంపేటోడు. రోగమున్న గొడ్లైతే గుత్తేదారు పట్టుకపోతడా? పిల్లగాండ్లకు సుత ఎరుకైన సంగతి. ఒక్కలు గూడ నోరు తెరువలే. మా ఆయన అడ్డం పోతే ఇద్దరు రెక్కలిరిచి పట్టుకున్నరు. కొత్తోళ్లు గుంజితే గొడ్లు కదలలే. అప్పుడు మల్లయ్య ముంగటికొచ్చి ఒంటికొమ్ము ఆవు పలుపు పట్టుకున్నడు. గడ్డేసే చెయ్యి గద, ఎరుకవట్టి నడిచింది. ఎనుక అన్ని నడిచినయ్. కండ్లు లేని ఎద్దు సుత వాసన వట్టుకుంట పోయింది.

"మల్లిగా, నువ్వా?" అన్నది వదిన.

"పటేలు మాట అక్కా. నేనేం జెయ్యాలె" అన్నడు. ఎనుకకు చూడలే.

శంషాబాద్ స్టేషన్ల వాటిని రైలు డబ్బలల్ల ఎక్కించిండ్రు. బండి ఆ రోజు కదలనే లేదట. పొద్దంత ఎండల, నీళ్లు లేకుంట నిలవెట్టిండ్రట. అరుపులు బజారు దాక వినొచ్చినయని, పొద్దుగూకినంక ఒక్కటి గూడ అరువలేదని అంగడికి పోయొచ్చినోళ్లు చెప్పిండ్రు. చెప్పి, వాళ్ల ఇండ్లకు వాళ్లు పోయిండ్రు.

వదిన ఏడ్వలే. మరునాడు పగటీలి, గొడ్లకు నీళ్లు తాపే యాళ్లకు, బావిల చేద వేసింది. కొట్టం ముంగటి రాతితొట్టి అంచు దాక నింపింది. ఈమెకు మతి తప్పిందనుకున్న.

"ఎవల కొరకు వదినా?" అని అడిగిన.

"యాళ్లయింది గద, సత్తెమ్మా."

పొద్దుగూకంగ చూస్తే తొట్టిల సుక్క లేదు. ఎండకు ఇంకిపోయిందనుకున్న. గని అంత పెద్ద తొట్టి ఒక్క పూటల ఇంకుతదా? మరునాడు గూడ గట్లనే. మా ఆయన పగులు ఉందేమోనని తొట్టి లోపల బయట చూసి, సున్నం మెత్తిండు. కింద మన్ను తవ్వి చూసిండు, పొడిగున్నది. ఎవలన్న ముంచుకపోతున్నరేమోనని నన్ను కావలి కూసుండవెట్టిండు.

మిట్టమధ్యాహ్నం. వదిన నీళ్లు పోసి ఇంటికి పోయింది. నేను కొట్టం నీడల కూసోని చూస్తున్న. గాలి లేదు, ఆకు కదులుత లేదు. జరసేపటికి నీళ్ల మీద అలలు లేసినయ్. ఒక్కకాడ గాదు. తొట్టి పొడుగూత, మూతి మూతికి సందిచ్చి గొడ్లు నిలవడితే ఎట్ల లేస్తయో గట్ల. నీళ్లు దిగుతున్నయ్. పీల్చే సప్పుడు వచ్చింది. నెమరేసిన గడ్డి వాసన గుప్పుమన్నది.

నాకు భయం కాలే, నిజంగ. ఇదేందో చూడాలెనని లేసిపోయి తొట్టిల చెయ్యి పెట్టిన. గరుకు నాలుక ఒకటి నా అరచేతిని కిందికెళ్లి మీదికి నాకింది. ఎచ్చగున్నది. గొడ్ల ఇంట్ల పుట్టినదాన్ని, గొడ్డు నాలుక నాకు తెల్వదా? చెయ్యి గుంజుకొని చూసుకున్న. ఇంత సొంగ అంటి ఉండె. ముంగట మాత్రం ఏం లేదు.

ఇంటికొచ్చి మా ఆయనకు, వదినకు చెప్పిన. ఆయన పగులుంటదని మల్ల సున్నం కలిపిండు. వదిన చేద పట్టుకొని బావి కాడికి పోయింది.

ఆ నెలలనే మల్లయ్య భార్య రెండో కొడుకును కన్నది. ఈసారి గూడ పాలు రాలే. మల్లయ్య చెంబు పట్టుకొని దొడ్డి ముంగట నిలవడ్డడు. లోపల చూసేందుకు ఏమున్నది? ఖాళీ కట్టుగొయ్యలు. వదిన ఆయన చేతిల చెంబు గుంజుకొని బాలాపూర్ దిక్కు, హిమాయత్ సాగర్ దిక్కు ఊరూరు తిరిగింది. పెద్దరోగం పాడి పశువులను ఎక్కడ ఉంచలే. దొరికిన కొన్ని పాలు ఎండకు విరిగినయ్. పిలగాడు చచ్చిపోయిండు.

తొట్టి సంగతి ఎట్లనో ఊర్ల పొక్కింది. ఒకలెన్క ఒకలు వచ్చి నీళ్లు దిగేది చూసిండ్రు. తెల్లారేసరికి తొట్టికి పసుపు కుంకుమ పెట్టిండ్రు. పటేలు కొట్టంల చావులు ఆగలే, ఆయన సుత కొబ్బరికాయ వట్టుకొచ్చిండు. ఇక్కడ మొక్కనీకి గద్దె కట్టిస్తనన్నడు. ఉన్నప్పుడు నోరు తెరవనోళ్లు, పోయినంక దండం పెడుతున్నరు.

వదిన ఇంట్లకెళ్లి గడ్డపార తెచ్చింది.

"దూపతోటి చచ్చినయ్. వాటికి గద్దె ఎందుకు, పటేలా?" అన్నది.

అందరి ముంగటనే తొట్టిని పలగ్గొట్టింది. నీళ్లు పటేలు చెప్పుల కిందికెళ్లి పారినయ్. అప్పుడు ఎవ్వలు ఆమెను ఆపలే. పటేలు తర్వాత వెట్టోళ్లతోటి కొత్త తొట్టి తెప్పిచ్చి, నీళ్లు నింపిచ్చిండు. ఆ నీళ్లు దిగలే. పురుగువట్టి వాసనొచ్చినయ్. బావి మాత్రం ఆయన చేతికే పోయింది. నిజాం రాజ్యం పోయింది గని, పటేలు పటేలుగనే ఉన్నడు.

వదిన తర్వాత ఒక్క గొడ్డును గూడ సాదలే. రెండేండ్లకు మంచంల పడ్డది. ఒకనాడు నేను కాళ్లు ఒత్తుతుంటే నా చెయ్యి పట్టుకొని, అరచేయి తిప్పి చూసింది.

"నేను రోజు చెయ్యి పెట్టిన, సత్తెమ్మా. నన్ను ఒక్కటన్న ముట్టలే" అన్నది.

గొడ్లను తోలుకపోయిన్నాడు ఏడ్వనిది ఆనాడు ఏడ్చింది. తొట్టిల నీళ్లు ఎట్ల పోయినయో ఇప్పటికీ తెల్వది. అన్నేండ్లు సాదిన చేతిని ఇడిసిపెట్టి నా చేతిని ఎందుకు నాకిందో అది అసలే తెల్వది. ఆ చెయ్యి నాది కాకుంట ఆమెది అయ్యుంటే బాగుండు.