మూడు వేళ్ల బెల్లం

మా అవ్వ పోయిన మంగళవారం పొద్దున కన్నుమూసింది. కబురు విన్న ధర్మవరం అంగడాయన, "మూడు వేళ్ల బెల్లం ఆమెదేనా? ఈమధ్య దాంట్లో ఇసుక వస్తాండాదే!" అన్నాడట. ఏడుద్దామన్నా ఆ మాట ఏడవనివ్వడం లేదు. ఆ ఇసుక ఆమెది కాదు. అది మీకు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

హిందూపురం పక్కన మాకు చెరకు తోట ఉంది. బెల్లం వేడిగా ఉండగానే ఉండ చేసి, అవ్వ దానిమీద మూడు వేళ్లు అదిమేది. ఎప్పుడో కొడవలికి తెగి నడిమి వేలు వంకరపోయింది. అందుకే నడిమి గుంట ఎప్పుడూ ఒక పక్కకు వాలి ఉండేది. అక్షరం రాని మనిషికి అదే సంతకం. ధర్మవరం మగ్గాల ఇళ్ల ఆడవాళ్లు ఉండను తిప్పి, ఆ గుంటలు చూశాకే కొనేవాళ్లు. మడ్డి మొత్తం తీసేదాకా ఆమె పెనం దించనిచ్చేది కాదు. నాయన తొందరపెడితే, "తినేవాళ్లకూ నాలుక ఉండాది లేరా" అనేది.

మండీ సావుకారొకడు కొయ్య అచ్చులో మూడు గుంటలు చెక్కించి, తన ఇసుక బెల్లం అందులో పోసి ధర్మవరం పంపాడు. అవ్వ పోయి నిలదీస్తే, "నీ వేళ్లేమన్నా రిజిస్టరు చేయించినావా అవ్వా?" అని నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోను.

కొత్త ట్రేడ్‌మార్కు చట్టం వచ్చిందని విని, దరఖాస్తు నేనే రాస్తానన్నాను. కాలేజీలో చేరి మాటల మీద మోజు పెంచుకున్న రోజులవి.

"నా వేళ్ల గుంటలు గీసి పంపురా అబ్బా" అంది అవ్వ.

"గుంటలు గుర్తెట్లయితాయి? మంచి మాట ఉండాల."

"మాటలతోనా మనం బెల్లం వండేది?"

నేను వినలేదు. మూడు రోజులు కూర్చుని 'మధుర హిందూపురం శ్రేష్ఠ బెల్లం' అని రాసి పంపాను. చెల్లదని తిరిగొచ్చింది. అవ్వా నేనూ పెనుకొండ వకీలు దగ్గరికి పోతే ఆయన కాగితం చూసి తల పట్టుకున్నాడు.

"ఏమప్పా కాలేజీ! సరుకు ఎవరిదో చూపేది గుర్తు. మంచిదని పొగిడేది గుర్తెట్లయితాది? 'మధురం' ప్రతి బెల్లపాయనకూ కావాల. హిందూపురం పేరు నీకొక్కడికే రాసిస్తే మిగతావాళ్లు యాడికి పోవాల? బొమ్మ గాని, సంతకం గాని, ఎవరూ అనని కొత్త మాట గాని పంపాల. ఆ గుంటలు చూస్తానే జనం మీ అవ్వను తలుచుకుంటాండారు. అంతకన్నా గుర్తు యాడుండాది?"

"నాకు తెలుసప్పా" అంది అవ్వ. "మావోడు చదువుకున్నోడు గదా అని ఊరకున్నా."

తిరుగు బస్సులో ఆమె కొంగు ముడి విప్పి నాకు బెల్లం ముక్క పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ వారమే జ్వరం పట్టుకుంది.

అవ్వ పోయిన మూడోనాడు సావుకారు సానుభూతి అంటూ బుట్టెడు బెల్లం పంపాడు. ప్రతి ఉండ మీదా మూడు గుంటలు, అన్నీ నిటారుగానే. బుట్టను వాకిట్లోనే తిప్పి పంపేశాను.

నిన్న నాయన పేరుతో దరఖాస్తు మళ్లీ రాశాను. ఈసారి అందులో ఒక్క విశేషణం కూడా లేదు. అటక మీద మిగిలిన అవ్వ చివరి ఉండను ముందు పెట్టుకుని గుంటలు గీశాను. కొలత కోసం వేళ్లు పెట్టి చూశాను. అటూ ఇటూ రెండు వేళ్లు దిగాయి. నడిమి గుంటలో నా వేలు పట్టలేదు.