రేడియో వేళకి ఆగిన డ్రమ్ములు

మా వెనక వాటా మాస్టారు పోయారు. పెడన నుంచి వాళ్ళమ్మాయి ఫోను చేసి చెప్పింది. ఫోను మోగిందంటే ఎవరికేమైందోనని నేను ముందు కుర్చీ చూసుకుని, కూర్చుని మరీ ఎత్తుతాను. ఆ రోజు పొయ్యి మీద పాలున్నాయని నిలబడే ఎత్తాను. "నాన్న పొద్దున పోయారు అత్తయ్యా" అంది. పాలన్నీ పొంగి పోయాయి. స్టవ్ కట్టేశానో లేదో కూడా గుర్తులేదు. ఆయన్ని ఒక మాట అడగాలని పదేళ్ళుగా అనుకుంటూ వచ్చాను. ఇక అడగడానికి మనిషి లేరు.

ఆయన నాకేమీ చుట్టం కారు. కూతురి కాలేజీ చదువు కోసం పెడన నుంచి బందరు వచ్చి మా వెనక వాటాలో అద్దెకి దిగారు. అప్పటికే భార్య లేదు. పొద్దున్నే సైకిలెక్కి పెడన వెళ్ళి కలంకారీ అద్దకం పని చేసుకుని సాయంత్రానికి తిరిగొచ్చేవారు. బల్ల మీద గుడ్డ పరిచి, రంగులో అద్దిన చెక్క అచ్చు దాని మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు. రోజంతా అదే పని. కుడిచేతి పక్క చర్మం గేదె కొమ్ములా గట్టిపడిపోయింది. వయసులో ఉండగా పెళ్ళి బ్యాండులో డ్రమ్ము వాయించారట. మాస్టారు అన్న పేరు అప్పుడు వచ్చిందే. నన్ను మొదటి రోజునుంచీ అక్కగారూ అన్నారు.

ఆ పిల్ల బాగా పాడేది. ఆమె క్లాసులో గుడివాడ నుంచి పాసింజరు బండిలో వచ్చే అబ్బాయికి గిటారు వచ్చు. హాస్టల్లో ఉండే అవనిగడ్డ అబ్బాయి నాలుగు లావుపాటి తీగల గిటారు ఒకటి తెచ్చాడు. దాన్ని బేసు అంటారట. సినిమా పాటలు పాడరు, అన్నీ సొంతంగా కట్టుకున్నవే. ఇదేం పాటలు బాబూ అని నేనడిగితే, ఆల్టర్నేటివ్ రాక్ అంటారు ఆంటీ అన్నాడు గుడివాడ అబ్బాయి. నాకర్థం కాలేదు. కాలవలో నీళ్ళు రాని ఏడు గురించి, టైముకి రాని పాసింజరు గురించి పాటలు. మెల్లగా మొదలై, చివరికి ఆ పిల్ల గొంతు చించుకుని అరిచేది. ఎక్కడ గొంతు పోతుందోనని నేను మిరియాల పాలు కాచి పెట్టేదాన్ని.

డ్రమ్ములకి మనిషి దొరకలేదు. ఒకరోజు వాళ్ళు పాడుతుంటే మాస్టారు గుమ్మంలో కూర్చుని ఖాళీ కిరసనాయిలు డబ్బా మీద చేత్తో దరువు వేశారు. పాట అయ్యాక ముగ్గురూ ఆయన వంకే చూశారు. నలభై అయిదేళ్ళ మనిషి అలా పాత డ్రమ్ములు కొనుక్కుని కూతురి వయసు పిల్లల్లో కలిశారు. వీధిలోవాళ్ళు "మాస్టారూ, పెళ్ళెవరిదండీ?" అని ఏడిపిస్తే, ముహూర్తం కుదరగానే మీకే ముందు చెప్తానండీ అనేవారు నవ్వకుండా. బృందానికి 'ఉప్పుగాలి' అని పేరు పెట్టారు. పేరులో ఎవరైనా గాలి పెట్టుకుంటారా అని నేను బతిమాలాను, వినలేదు. గోడలు బీటలిస్తాయని, ఇరుగుపొరుగు కంప్లయింటు ఇస్తారని నా గోల నాది. కిటికీలకి పాత బొంతలు మేకులు కొట్టి కట్టించాను.

నాకు సాయంత్రం రేడియోలో వాతావరణం వినకపోతే ముద్ద దిగదు. బందరు ఓడరేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారు, జాలర్లని వేటకి వెళ్ళమన్నారా వద్దన్నారా, అది తెలియాలి. డ్రమ్ముల మోతలో వినపడక ఒకసారి వెళ్ళి తలుపు కొట్టాను. మాస్టారు కర్ర పైకెత్తారు, అందరూ ఆగారు. నా వార్తలు అయ్యేదాకా చేత్తో డ్రమ్ము నొక్కిపట్టి కూర్చున్నారు. ఆ తర్వాత నేను వెళ్ళి చెప్పనక్కర్లేకపోయింది. ఆ వేళకి ఆయనే ఆపేవారు. రేడియో కట్టేసిన చప్పుడు విని, "అయిందా అక్కగారూ?" అని అడిగేవారు. "ఏమీ లేదటండీ, కానివ్వండి" అనేదాన్ని నేను. అప్పుడు మళ్ళీ మొదలు.

ఎందుకు ఆపుతారని నేనొకసారి అడిగాను. అచ్చు కొట్టడం ఎవరైనా కొడతారు, ఎత్తడం తెలియాలి అక్కగారూ, ఎత్తడంలో చెయ్యి కదిలిందా గుడ్డంతా పాడు అన్నారు. అది జవాబో కాదో నాకు తెలియలేదు. కాని ఆ రోజు ఎవరికీ చెప్పనిది ఆయనకి చెప్పాను. మాది దివిసీమలో సముద్రం పక్క ఊరు. ఉప్పెన వచ్చిన వారం మా ఇంట్లో రేడియోకి సెల్సు అయిపోయాయి. అవనిగడ్డ వెళ్ళినప్పుడు తెద్దాంలే అని నేనే వాయిదా వేశాను. నేనూ మా ఆయనా తుమ్మచెట్టు పట్టుకుని మిగిలాం. మా అమ్మ, మూడేళ్ళ మా పాప మిగల్లేదు. మాస్టారు చాలాసేపు చేతులు చూసుకుంటూ కూర్చుని, లేచి వెళ్ళి సైకిలుకి గాలి కొట్టుకున్నారు.

మూడేళ్ళు అలా నడిచింది. కాలేజీ వార్షికోత్సవంలో వాయిస్తే సినిమా పాట కావాలని పిల్లలు ఈలలు వేశారట. మాస్టారు తల వంచుకుని పాట పూర్తయ్యేదాకా వాయించారట. చివరి ఏడాది, ఎక్కడో పెద్ద ఊళ్ళో పోటీ ఉందని, క్యాసెట్టు పంపాలని, విజయవాడ నుంచి రికార్డింగు మనిషిని పిలిపించారు. ఆ ఒక్క రోజే ఉంటాడు. పగలంతా కరెంటు వస్తూ పోతూ ఉంది. బృందం పేరుతోనే కట్టుకున్న ఉప్పుగాలి పాట సాయంత్రానికి గాని మొదలవలేదు. పాట మధ్యలో నా రేడియో వేళయింది. ఈ ఒక్కరోజుకి వద్దులే అని నేను మెల్లగా పెట్టుకుని చెవి దగ్గర ఆనించుకున్నాను. టక్కున డ్రమ్ములు ఆగిపోయాయి.

గుడివాడ అబ్బాయి గొంతు గోడ ఇవతలికి వినపడింది.

"ఒక్క రోజు ఆవిడ వినకపోతే ఏమవుద్దండీ?"

"ఏమవుద్దో ఆవిడకి తెలుసు బాబూ" అన్నారు మాస్టారు.

నేను రేడియో సౌండు పెంచాను. చెయ్యకపోతే బాగుండేది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. వార్తలు అయీ అవగానే కరెంటు పోయింది. తెల్లారేదాకా రాలేదు. రికార్డింగు మనిషి వేరే ఊళ్ళో పెళ్ళి ఉందని ఆఖరి బస్సుకి వెళ్ళిపోయాడు. వాళ్ళు ఆ క్యాసెట్టునే, సగం పాటతోనే, ఒక కాపీ తీసి పంపారు. ఏ జవాబూ రాలేదు. పరీక్షలయ్యాయి. గుడివాడ అబ్బాయి బెంగుళూరు ఉద్యోగానికి వెళ్ళాడు. అవనిగడ్డ అబ్బాయి వాళ్ళ నాన్న చేపల చెరువులు చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. పాడే పిల్లకి పెడనలోనే అద్దకం వాళ్ళింటికి ఇచ్చి పెళ్ళి చేశారు. డ్రమ్ములు అమ్మేసిన రోజున మాస్టారు వాటిని తడిగుడ్డతో తుడిచి, రిక్షా మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడ్డారు. నా వల్లేనా అండీ అని అప్పుడే అడగాల్సింది. కాఫీ తాగుతారా అని అడిగాను. కొన్నాళ్ళకి ఆయన కూడా కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు.

పెద్దకర్మ నాడు పెడన వెళ్ళాను. వానొస్తుందేమోనని గొడుగు, తిరుగు బస్సు దొరకదేమోనని జత చీర పట్టుకుని వెళ్ళాను. భోజనాలయ్యాక ఆ అమ్మాయి నా పక్కన వచ్చి కూర్చుంది. వాళ్ళ నాన్న చివరిదాకా ఆ వేళయ్యేసరికి చెయ్యెత్తేవారట. టీవీ ఆపాలి, మనవలు గొడవ చెయ్యకూడదు. ఎందుకు తాతయ్యా అంటే, బందరులో అక్కగారు వింటూ ఉంటారు అనేవారట. మంచంలో పడ్డాక చెయ్యి లేవకపోతే రెండు వేళ్ళు లేపేవారట.

ఇక ఉండబట్టలేక అడిగాను. "మీ పాట నా వల్లే ఆగిపోయిందా అమ్మా?"

ఆమె ఆకులు ఎత్తుతున్నవాళ్ళ వైపు చూస్తూ ఉంది.

"అలాగే అనుకున్నాను అత్తయ్యా. చాలా ఏళ్ళు మీ మీద కోపంగానే ఉన్నాను" అంది.

ఇప్పుడో అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె లోపలికి వెళ్ళి ఒక క్యాసెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. నాన్న మీకివ్వమన్నారు అంది. పైన ఆయన వంకర అక్షరాలతో 'ఉప్పుగాలి' అని రాసి ఉంది.

ఇంటికొచ్చి పెట్టుకున్నాను. ఆ పిల్ల గొంతు, గిటార్లు, అచ్చు మీద గుద్దినట్టు నింపాదిగా మాస్టారి దరువు. అది టక్కున ఆగుతుంది. గుడివాడ అబ్బాయి మాట, మాస్టారి మాట. తర్వాత గోడ అవతల నుంచి నా రేడియో. కోస్తాలో వాతావరణం పొడిగా ఉంటుందని, ఓడరేవులకి హెచ్చరికలేమీ లేవని. రేడియో కట్టేసిన చప్పుడు.

"అయిందా అక్కగారూ?"

నేను నోరు తెరిచేలోగా కరెంటు పోయినట్టుంది. ఆ పైన ఏమీ లేదు, సర్రుమని ఖాళీ టేపు.

ఇప్పుడు రోజూ వాతావరణం విన్నాక దాన్ని పెడుతున్నాను. ఆయన అడిగినచోట, ఏమీ లేదటండీ, కానివ్వండి అంటాను. టేపు ఖాళీగా తిరుగుతూనే ఉంటుంది. చివరిదాకా కూర్చుంటాను, బొత్తం దానంతటదే టక్కున పైకి లేచేదాకా.