చెంగమ్మ చేసిన తలుపులేని గది

1965లో నేను కోట దగ్గర ఒక పింగాణీ శిక్షణ కేంద్రంలో ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసేవాణ్ణి. ఊరగాయ జాడీలు, కప్పులు చేయడం నేర్పేవాళ్ళం. అవి కాక సొంతంగా పూలకూజాలు చేసి, మద్రాసు ఎగ్జిబిషన్‌కి పంపుతారేమోనని ఏటా సూపరింటెండెంటుగారి ముందు పెట్టేవాణ్ణి. అంతకుముందు మూడేళ్ళూ ఆయన "బాగుందయ్యా" అని వెళ్ళిపోయారు.

ఆ ఏడు చెంగమ్మ చేరింది. వాకాడు వైపు మనిషి. పెళ్ళయ్యాక రంగూన్‌లో బతికి, బర్మా ప్రభుత్వం మనవాళ్ళను అక్కడినుంచి పంపించేసినప్పుడు ఒంటరిగా ఓడలో తిరిగొచ్చింది. చేరిన నాలుగో నెలలో మట్టితో మూరెడు గది ఒకటి చేసింది. నాలుగు గోడలూ పైకప్పూ ఉన్నాయి, తలుపు లేదు. లోపలినుంచి ఎవరో అరచేతులతో తోస్తున్నట్టు గోడలు బయటికి ఉబ్బి ఉన్నాయి.

సూపరింటెండెంటుగారు దాని ముందు కుర్చీ వేయించుకుని మరీ కూర్చున్నారు. "ఈసారి ఇదే పంపిద్దాం" అన్నారు. ఎనిమిదేళ్ళుగా ఆ పనిలో ఉన్నవాణ్ణి, పక్కన నిలబడి విన్నాను. ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు చెంగమ్మ అడిగింది. "అన్నా, దీనికి బొక్క పెట్టాల్నా? అంతా మూసేసినా."

పెట్టాలి. బిస్కట్ ఫైరింగ్‌లో, అంటే పూత పూయకముందు మొదటిసారి కాల్చేటప్పుడు, లోపలి తేమ ఆవిరై పోయే దారి లేకపోతే వస్తువు పేలిపోతుంది. మూసిన వస్తువులు మేము చేయించం గనక ఆ సంగతి ఆమెకు తెలియదు.

"అక్కర్లేదు" అన్నాను.

కిల్న్, అంటే బట్టీ, చల్లారాక తెరిస్తే గది ముక్కలై ఉంది. చెంగమ్మ ముక్కలన్నీ కొంగులోకి ఏరుకుంది. "సరిగ్గా ఆరకముందే పెట్టినట్టుండా. నాదే తప్పు" అంది. సూపరింటెండెంటుగారు నా కూజా పంపమన్నారు. గడ్డి చుట్టి పెట్టెలో పెట్టాను. కోరుకున్నదే దక్కింది. పెట్టెకు మేకులు కొట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు.

వెళ్ళి ఆమెకు జరిగింది చెప్పేశాను. ఓర్వలేకే అలా అన్నానని కూడా చెప్పాను.

ఆమె మట్టి పిసకడం ఆపింది. "ఆడ, రంగూన్ రేవు కాడ ఒకాయన కూడా అట్నే అన్నాడన్నా. మా ఆయనకి ఇంకో కాయితం కావాల్నా అంటే, అక్కర్లేదన్నాడు. నమ్మినాం. ఓడెక్కేకాడ మా ఆయన్ని ఆపేసినారు. ఇంకా ఆడనే ఉండాడు."

ఆమె మళ్ళీ మట్టి చేతిలోకి తీసుకుంది.

"బొక్క యాడ పెట్టాలో చెప్పు. నిజం చెప్పు" అంది.

అడుగున, చిటికెన వేలు పట్టేంత, అని చెప్పాను. సూపరింటెండెంటుగారికీ చెప్పి, చీవాట్లు తిన్నాను. రెండో గదిని చెంగమ్మ నా చేతికివ్వలేదు, తనే బట్టీలో పెట్టుకుంది. అదే మద్రాసు వెళ్ళింది. నాకు బదిలీ అయ్యేనాటికీ ఆమె భర్త రాలేదు.

ఆ తర్వాత కూడా నాకంటే మంచి చెయ్యి కనబడినప్పుడల్లా కుళ్ళు పుట్టింది. అది పోయిందని చెప్పను. కానీ తెలియక అడిగేవాళ్ళు మన మాటనే నేల అనుకుని కాలు మోపుతారు. ఆ మాట అబద్ధమైతే ఎవరు ఏ ఒడ్డున మిగిలిపోతారో చెప్పినవాడికి తెలియదు.