పూలదారంతో కట్టిన బంతి

మొన్న నేనుండే పాపటోయిటోయి పేటలో, ఇండియన్ షాపులో పూలు కట్టే దారం ఉండ కనిపించింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త నూలు వాసన. చిన్నప్పుడు హామిల్టన్‌లో మా పక్కింటి రాబ్ అంకుల్ గ్యారేజీ గుర్తొచ్చింది. దాంతోపాటే నా పాత కుళ్లు కూడా.

ఇప్పటి టెన్నిస్‌కు ముందు, నాలుగు గోడల మధ్య ఆడే టెన్నిస్ ఒకటి ఉండేదట, ఇప్పటికీ కొందరు ఆడతారట. రాబ్ అంకుల్ ఇంగ్లండులో ఉన్నప్పుడు దానికి బంతులు చేసేవాడు. గుడ్డపట్టీ చుట్టిన ఉండ మీద దారంతో గట్టిగా ముళ్లు వేసి, పైన ఉన్నిగుడ్డ కుట్టాలి. అమ్మ నాకూ చెల్లికీ పూలు కట్టడం నేర్పింది కానీ, నేను ఓపిక లేక వదిలేశాను. ఒకరోజు గ్యారేజీలో అంకుల్ మాకు బంతి చేయడం నేర్పుతుంటే, చెల్లి ఆ పూలముడినే బంతికి వేసింది. అంకుల్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఈ ముడి నాకు రాదే! నేర్పుతావా?" అని చెల్లిని అడిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. చెల్లి అంత బాగా కట్టిందంటే బంతి లోపల ఏదో రహస్యం ఉందనీ, అది చెల్లికి మాత్రమే చెప్పాడనీ అనుకున్నాను. ఆయన టీ పెట్టుకోవడానికి వెళ్లగానే ముళ్లు, గుడ్డపట్టీ అన్నీ విప్పేశాను. లోపల సీసా బిరడా లాంటి ముక్క. అంతే.

నా ఒళ్లో చిక్కుపడ్డ దారాన్ని చెల్లి చూసింది. అంకుల్ రాగానే, "సారీ అంకుల్, నేను టైట్‌గా కట్టలేదు, ఊడిపోయింది" అంది.

చెల్లి నన్ను కాపాడిందని అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ రోజు నాకు కనిపించింది ఒక్కటే. "పర్లేదు, ఇంకోటి చేద్దాం" అంటూ ఆయన తన కుర్చీని చెల్లికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.