అన్న కట్టిన పాటలు

మా అన్న బద్వేలులో కీబోర్డు వాయించేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను కాలేజీలో ఉన్నప్పుడు, సొంతంగా పాటలు కట్టి ఇంట్లోనే రికార్డు చేసేవాడు. అవి కలలో వినపడినట్టు మెల్లగా, మసకగా సాగేవి. పాడేది నేనే.

ఉన్నట్టుండి అవి మానేసి డ్యాన్సు పాటలు కట్టసాగాడు. పెళ్లి ఊరేగింపుల్లో జనం వాటికి ఒళ్లు మరిచి చిందులేసేవాళ్లు. అన్న మాత్రం అరచెయ్యి స్పీకరుకు ఆనించి కదలకుండా నిలబడేవాడు.

కమలాపురంలో ఒక పెళ్లిలో ఉండబట్టలేక అడిగాను.

“మన పాటలు ఎందుకు ఇడిసిపెట్టినావన్నా?”

అన్న నా పెదాలనే చూశాడు. “అవి నాకు ఇనపడవు పాపా. ఈ దెబ్బలైతే చేతికి తెలుస్తాండాయి.”

“డాక్టరుకు చూపిచ్చుకున్యావా?”

“కర్నూల్లో చూపిచ్చుకున్యా. చెవి నరాలు చచ్చిపోతాండాయంట. అమ్మకు చెప్పొద్దు.”

ఇంటికొచ్చాక, మా పాత పాట ఒకటి పాడమన్నాడు. నా గొంతు మీద రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. పల్లవి అయ్యేసరికి నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పాట ఆగిపోయింది కానీ వెక్కిళ్లు ఆగలేదు. అన్న వేళ్లు తీయలేదు.

“ఈ చరణం శానా బాగా పాడతాండావు పాపా,” అన్నాడు.