అరచేతిలో ఇమిడే టోపీ

అది 1746. ఇంగ్లండులోని యార్క్‌లో బెల్‌వుడ్ వారింటి పనిమనిషి హెస్టర్, ఎనిమిది నెలల కడుపును గుడ్డతో బిగించి కట్టి దాచుకుంది. పెళ్లికాని పిల్ల మరి, తెలిస్తే ఆ పూటే వీధిలోకి గెంటేస్తారు. అయినా మనసూరుకోక, చిరిగిన దుప్పటి అంచు కత్తిరించి అరచేతిలో ఇమిడే టోపీ ఒకటి కుట్టింది.

బట్టలుతికే రోజున అది కాస్తా అమ్మగారి కంటబడింది.

"ఎవరికే ఇది?"

"మా అక్క కొడుక్కమ్మా."

"అలాగా! నీ నడుం లావు చూసి నీ బిడ్డకేనేమో అనుకున్నాలే."

అమ్మగారితో పాటు హెస్టర్ కూడా నవ్వింది. నవ్వక చస్తుందా!

మూడు వారాలకు బొగ్గుల గదిలో, నోట్లో గుడ్డ కుక్కుకుని, ఒంటరిగా కంది. ఎంత ఊపినా, ఎంత రుద్దినా బిడ్డ ఏడవలేదు. మధ్యాహ్నం భోజనాల వేళయితే లేచి వెళ్లి వడ్డించింది. మర్నాడు బొగ్గు కోసం వెళ్లిన వంటావిడ బిడ్డను చూసి కేకలు పెట్టింది.

అప్పటి చట్టం ప్రకారం పెళ్లికాని తల్లి పురుడు దాచితే, పోయిన బిడ్డను చంపినట్టే లెక్క. బిడ్డకని ముందే ఒక్క గుడ్డయినా కుట్టినట్టు రుజువైతే ఉరి తప్పుతుంది. ఆ చట్టం రాసిన దొరల్లో ఒక్కడైనా ఒకరింట అంట్లు తోమి ఉంటేగా!

"టోపీ కుట్టాను దొరా! అమ్మగారు చూశారు, అడగండి!" అని కోర్టులో జడ్జికి మొరపెట్టుకుంది హెస్టర్.

అమ్మగారు అబద్ధమాడే మనిషి కాదు. బైబిలు ముద్దాడి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"చూశాను దొరా. వాళ్లక్క కొడుక్కని తనే చెప్పింది."