దొరకు ఏ కాలు నొప్పి?

చదువు అప్పుడే ముగించి, ఇంకా జీవితం చేత ఒక్క మొట్టికాయ కూడా తినని ఆ రోజుల్లో, ఈ లోకంలో నాకు అర్థం కానిది లేదని గట్టి నమ్మకం ఉండేది. బి.ఇడి. పూర్తి చేసి మా బుక్కరాయసముద్రంలోనే ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరిన మొదటి ఏడాది అది. ఏడో తరగతి పిల్లలకు జీర్ణవ్యవస్థ చెప్పి ఇంటికొస్తే నా నడకే మారిపోయేదట (ఇది అమ్మ మాట, నేను ఇప్పటికీ ఒప్పుకోను). అటువంటి నన్ను ఒక కుక్క, అదీ వీధిలోంచి వచ్చి మా అరుగెక్కి ఉండిపోయిన కుక్క, ఏడాది తిరక్కుండానే నేల మీదికి దించింది.

దాని పేరు దొర. పిలిస్తే రాడు, పెట్టిన వెంటనే తినడు, ఎండలో అడుగు బయట పెట్టడు. "ఇది కుక్క కాదప్పా, దొర" అన్నాడు నాయన, ఆ పేరే నిలిచిపోయింది. దొర చేష్టలు ఒకటీ అరా కాదు. కుక్కరు మూడో కూత వేయగానే తానూ గొంతు కలిపేవాడు. గిన్నె నిండా నీళ్ళున్నా దాని ముందు కూర్చుని, మూడు రోజులుగా గుక్క దిగనట్టు మొరిగేవాడు. నాయన ఫోను చెవికి పెట్టుకుంటే చాలు, ఎదురుగా నిలబడి ఆపకుండా అరిచేవాడు. అవతల శనక్కాయ విత్తనాల సంగతి మాట్లాడుతున్న మనిషితో నాయన, "ఆఁ, వినపడతాండాదిలే, మా దొర మాట్లాడతాండాడు. వాడు అయిపోయినాక నువ్వు చెప్పు" అనేవాడు. నేను వెంటనే ఒక నోటుపుస్తకం పెట్టాను. పొట్టి మొరుగు అంటే ఆకలి, సాగదీసిన మొరుగు అంటే కొత్త మనిషి, చివర్లో మూలుగు కలిస్తే అసంతృప్తి, ఇలా పద్దెనిమిది రకాలు తేల్చాను. అమ్మ ఆ పుస్తకాన్ని ఒకసారి తిప్పి చూసి, "అన్నిటికీ ఒకటే అర్థం మ్మే. నన్ను చూడు అంటాండాడు, అంతే" అంది. శాస్త్రీయంగా లేదని ఆ మాట రాసుకోలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో దొర కుడి ముందరికాలిలో కంపముల్లు దిగింది. నాయన ముల్లు తీసి పసుపు అద్దాడు. అమ్మ పాలన్నం కలిపింది, పక్కన ఉడకబెట్టిన గుడ్డు. పొలం నుంచి వస్తూనే కాళ్ళు కూడా కడుక్కోకుండా నాయన వాడి పక్కన కూర్చుని కాలు నిమిరేవాడు (నాకు జ్వరమొచ్చినప్పుడు ఆయన నా పక్కన అంతసేపు కూర్చున్నట్టు గుర్తు లేదు). అయిదు రోజుల్లో పుండు మానింది. కుంటడం మాత్రం మానలేదు. వారం, రెండు వారాలు, నెల. పొద్దున బాగానే బయటికి వెళ్ళేవాడు, సాయంత్రం కుంటుతూ వచ్చేవాడు. ఎవరో రోజూ నా కుక్కను కొడుతున్నారని తేల్చేశాను.

ఎవరన్నది కనిపెట్టడానికి నాకు ఒక్క రోజు సరిపోయింది. దొర వస్తున్నది పక్కింటి గేటులోంచి. అది మిషనత్త ఇల్లు. ఆమె జాకెట్లు కుట్టేది, వీధిలో అందరికీ మిషనక్క, నాకు అత్త. కుట్టిన బట్టల మీద కుక్కలు పడుకుంటాయని స్కేలు పట్టుకుని తరుముతుందని అందరికీ తెలుసు. ఆ మనిషి గురించి ఇంకొకటి కూడా చెప్పాలి. ఎండాకాలం మా కొళాయికి నాలుగు రోజులకొకసారి నీళ్ళొచ్చేవి. వాళ్ళ బోరు మాత్రం ఎండలేదు. మేము అడగకుండానే ఆరేళ్ళ క్రితం ఆమె గోడ మీదుగా మా తొట్టిలోకి ఒక పైపు వేసింది. ఆ నీళ్ళతోనే మా ఇల్లు నడిచేది. ఇదంతా నాకు తెలియక కాదు. కానీ నిజం నా పక్షాన ఉందనుకున్నప్పుడు నీళ్ళెవరికి గుర్తొస్తాయి?

"అత్తా, నోరు లేని జీవిని ఎందుకు కొడతాండావు?" అన్నాను గోడ దగ్గర నిలబడి.

ఆమె పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసింది. "ఏమన్నావు? నేను కొడతాండానా?"

"రోజూ మీ ఇంట్లో నుంచే కుంటుకుంటా వస్తాండాడు. నేను సైన్సు టీచర్ని అత్తా, ఆధారం లేకుండా మాట్లాడను."

"కొట్టేది ఎవరో నాకు బాగా తెలుసులే. నా నోరు తెరిపించొద్దు. పోమ్మా, పోయి పిల్లోళ్ళకు పాఠాలు చెప్పుకో."

దీన్ని నేను నేరం ఒప్పుకోవడంగా లెక్కవేసి, ఇంకో నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. సాయంత్రానికి గోడ మీద పైపు లేదు. అమ్మ నన్ను తిట్టలేదు. రెండు బిందెలు తెచ్చి నా ముందు పెట్టింది. "సైన్సు చెప్పినావు గదా. ఇంక నీళ్ళు మొయ్యి."

పదకొండు రోజులు మోశాను. వీధి చివర పంచాయతీ బోరు కొళాయి దగ్గర క్యూలో సగం మంది నా ఏడో తరగతి పిల్లలే. "టీచర్, మా బిందె ముందు పెట్టినాము, మీది వెనక్కి జరపండి" అనేవాళ్ళు. నీటి చక్రం పాఠం చెబుతుంటే వెనక బెంచీలో ఎవరో ముక్కు మూసుకుని నవ్వేవాళ్ళు. అవన్నీ భరించగలిగాను. భరించలేనిది ఇంట్లో ఉండేది. సాయంత్రం నాలుగింటికి అమ్మా మిషనత్తా గోడకు అటూ ఇటూ నిలబడి టీ తాగడం నా చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఇప్పుడు అమ్మ మరచిపోయి రెండు గ్లాసుల్లో పోసేది. ఒక క్షణం చూసి, రెండోది మెల్లగా గిన్నెలోకి ఒంపేసేది.

నేను చేసింది సరైనదేనని రుజువు చేయడానికి ఒక రెండో శనివారం దొరను ఆటోలో ఎక్కించుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దెబ్బల సంగతి డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవాలని నా ఆలోచన. దారంతా వాడు మూతి బయట పెట్టి గాలి తాగుతూ, పెళ్ళికి పోతున్నట్టు కూర్చున్నాడు. డాక్టరు పెద్దాయన, కళ్ళద్దాల మీదుగా చూశాడు.

"ఏ కాలమ్మా?"

"కుడిది సార్."

దొర ఎడమ కాలు ఎత్తాడు.

డాక్టరు రెండు కాళ్ళూ నొక్కి చూశాడు, వంచి చూశాడు. తర్వాత వాడి చినిగిన చెవి పట్టుకుని, "వీడు గుండు కదూ?" అన్నాడు.

"కాదు సార్, దొర."

"మొన్న ఒకమ్మ తోలకొచ్చినప్పుడు గుండు. ఎడమ కాలు కుంటుతాండాడు సార్, పక్కింటోళ్ళు దినామూ కొడతాండారు, ముఖ్యంగా ఆ ఇంట్లో టీచరు పాప, అని ఏడ్చింది ఆ యమ్మ."

ఆ రెండు పేర్లకూ వాడు తోకాడించాడు. డాక్టరు చేతులు కడుక్కుంటూ చెప్పాడు: "కాలికి ఏమీ లేదమ్మా. కుంటితే ఎవరో ఒకరు పక్కన కూర్చుంటారని నేర్చుకున్నాడు. మీ ఇంట్లో కుడి, ఆ ఇంట్లో ఎడమ. ఇక్కడ ఏది ఎత్తాలో తెలీక తడబడినాడు."

ఇంటికొచ్చి చెబితే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి ఆగి, "సరే, పో. పోయి ఆ యమ్మకు చెప్పు" అంది.

"నువ్వూ రామ్మా."

"నోరు జారింది నువ్వా నేనా?"

మిషనత్త నన్ను చూసి కూడా మిషను ఆపలేదు. ఆ చప్పుడు మీదే చెప్పుకుంటూ పోయాను: తప్పయింది అత్తా అని, ముల్లు సంగతి, ఆసుపత్రి సంగతి. "ఆ ఇంట్లో టీచరు పాప" అన్న చోట మిషను ఆగింది.

"ఆ మాట కూడా చెప్పేసినాడా ఆయప్ప?" అంది తల దించుకుని. మళ్ళీ తలెత్తి, "అయితే నేను దినామూ పెట్టిన గుడ్డు?"

"మేమూ పెట్టినాము అత్తా."

"వీని కడుపు కాలా! రెండిండ్ల గుడ్లు తిన్యాడా!"

సరిగ్గా అప్పుడు దొర గేటులోంచి వచ్చాడు, ఎడమ కాలు గాలిలో ఉంచి. నన్ను చూసి ఆగాడు. ఎడమది దించి కుడిది ఎత్తాడు. రెండడుగులు వేసేసరికి మిషనత్త కనిపించింది, మళ్ళీ మార్చాడు. ఇంతలో గోడ మీదుగా అమ్మ తల. ముగ్గురినీ మార్చి మార్చి చూసి, చివరికి నాలుగు కాళ్ళూ నేల మీద ఆనించి, మా అందరి మీదా ఒకేసారి మొరిగాడు. నా పుస్తకంలో లేని పంతొమ్మిదో రకం అది.

మిషనత్త నవ్వుతూ తలుపు పట్టుకుని కూలబడింది. తేరుకున్నాక గోడ వైపు చూసి, "వదినా, నీ జాకెట్టు కుట్టేసి ఎనిమిది దినాలాయ. గోడ మీద పెడదామంటే పొగరు అడ్డమొచ్చె" అంది.

"నాకు మటుకు లేదా వదినా? టీ పెట్టినాను, రా" అంది అమ్మ.

నాకూ ఒక మాట మిగిలి ఉండింది. "పైపు తీసినాను గానీ పాపా, నువ్వు బిందెలు మోస్తాంటే చూడలేక వీధివైపు కిటికీ మూసుకున్యాను" అంది మిషనత్త. ఆ మాటకు మాత్రం నేను నవ్వలేకపోయాను. పొద్దు గూకేలోపు ఆమే పైపు మళ్ళీ వేసింది. నేను అవతలి కొస పట్టుకున్నాను. ఆ తర్వాత రెండిళ్ళ వాళ్ళమూ కుంటడాన్ని చూడనట్టే ఉండాలని, కాలు బాగున్నప్పుడే నిమరాలని అనుకున్నాము. ప్రేక్షకులు లేని నాటకం పది రోజుల్లో ఆగిపోయింది.

ఇప్పుడు నేను నల్లమాడలో అద్దె గదిలో ఉంటూ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాను. మొన్న ఫోనులో అమ్మతో మాట్లాడుతూ రెండుసార్లు దగ్గాను. అంతే, మిరియాల కషాయం కాచుకో అంటూ మధ్యాహ్నం ఒకసారి, కాచుకున్నావా అంటూ సాయంత్రం ఒకసారి ఫోను చేసింది. మరునాటికి దగ్గు పూర్తిగా తగ్గిపోయింది. పొద్దున్నే మళ్ళీ ఫోను మోగింది. "ఎట్లుండాది మ్మే ఇప్పుడు?" అంది అమ్మ, గొంతులో అంత ఆదుర్దా. సైన్సు టీచర్ని, అబద్ధం చెప్పకూడదు. ఏమీ చెప్పకుండా, చిన్నగా ఒక్కసారి దగ్గాను.